మీసం మెలేసిన లక్ష్మణమ్మ

నెల్లిమర్ల జూటు మిల్లులో పనిచేసేవాళ్ళు నోటితో మాట్లాడతారు గానీ గొంతుతో మాట్లాడరు. ఒక్క కప్పు కింద వందల మిషన్లు తిరుగుతుంటే పక్కనున్న మనిషి చెవిలో అరిచినా ముక్క వినపడదు. అందుకని అక్కడ పెదవులు కదిపితే చాలు, ఎదుటివాళ్ళు చూసి పట్టేస్తారు. మిగిలినదానికి చేతులున్నాయి. రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే దారం తెగిందని. పొట్ట నిమిరితే టీ వేళయిందని. మీసం మెలేసినట్టు చేస్తే మేస్త్రీ వస్తున్నాడని. ఏ భుజం మీద తట్టి చూపిస్తే ఆ పక్కనించి, వెనకగా వస్తున్నాడని.

లక్ష్మణమ్మ పదిహేడో ఏట ఆ మిల్లులో దారం చుట్టే మిషను దగ్గర చేరింది. ఆర్నెల్లు తిరక్కుండానే ఆ మాటల్లో ఆరితేరిపోయింది. షెడ్డు ఆ చివర ఇద్దరు ఆడవాళ్ళు అత్తల్ని తిట్టుకుంటుంటే ఈ చివర నిలబడి పగలబడి నవ్వేది. అదే మిల్లులో మగ్గం మీద పనిచేసే ఎర్రన్న ఆమెకి మేనమామ కొడుకు. పెళ్ళి మాట కూడా అతను ఆ హోరులోనే, పెదవులతోనే అడిగాడు.

"నన్ను సేసుకుంటావేటే?"

"మా అయ్యనడుగు" అంది లక్ష్మణమ్మ, ఆమె కూడా పెదవులతోనే. చుట్టూ ఉన్న పదిమందీ చూసేశారు. సాయంత్రానికి మిల్లంతా తెలిసిపోయింది.

ఆ మాట్లాడే పద్ధతే తర్వాత ఆమె జబ్బుని నెలల తరబడి ఎవరికీ తెలియనివ్వకుండా దాచేసింది.

పందొమ్మిదివందల అరవై ఆరు వేసవిలో, కూతురు మరిడమ్మకి రెండేళ్ళు నిండేసరికి, లక్ష్మణమ్మ కుడిచెవిలో తుమ్మెద దూరినట్టు రొద మొదలైంది. మిల్లు రొదే చెవిలో ఉండిపోయిందనుకుంది. రానురాను ఆ రొద కింద మాటలు మునిగిపోసాగాయి. మిల్లులో తేడా ఏమీ కనపడలేదు, అక్కడ ఎవరికీ ఏమీ వినపడదు కనక. ఇంట్లో కూడా మనిషి నోరు చూసి మాట పట్టేసే అలవాటు కనక మొగుడికీ అనుమానం రాలేదు. అత్త దాలమ్మ మాత్రం వెనకనించి పిలిస్తే కోడలు పలకడం లేదని, పొగరెక్కిందని ఇరుగుపొరుగుతో అనేది.

ఒకరోజు పొద్దున్న మిల్లు కూత కూసింది. ఊరంతా లేచింది. ఎప్పుడూ అందరికన్నా ముందు లేచే లక్ష్మణమ్మ మాత్రం ఎడమచెవి తలగడకి ఆనించి హాయిగా నిద్రపోతోంది. దాలమ్మ వచ్చి భుజం పట్టి కుదిపితే కళ్ళు తెరిచి, "కూత ఇంకా అవనేదు కదత్తా" అంది.

దాలమ్మ మంచం అంచున కూర్చుంది. "ఓలమ్మ! మీ యమ్మలాగే అయిపోతన్నావేటే?"

లక్ష్మణమ్మ తల్లి తవిటమ్మకి ముప్పై ఏళ్ళకే రెండు చెవులూ పోయాయి. ఆ తర్వాత నడక తూలింది. పొలం గట్టు మీద నడవలేక పడిపోయేది. చాటుగా కల్లు తాగుతోందని కొందరు, అమ్మవారికి మొక్కు తప్పిందని కొందరు అన్నారు. నలభై నిండకుండానే పోయింది. పోయేదాకా ఊళ్ళో ఎవరూ ఆమెని మంచి మాటతో పలకరించలేదు.

మిల్లు డాక్టరు చెవిలో దీపం వేసి చూసి, పైకి ఏమీ కనపడలేదని, విశాఖపట్నం పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చాడు. మొగుడూ పెళ్ళాలిద్దరూ రైలెక్కారు.

అక్కడ ఒక కుర్ర డాక్టరు ఆమెకి రెండు రోజులు పరీక్షలు చేశాడు. తలకి ఎక్సురేలు తీయించాడు. పడుకోబెట్టి చెవిలో చల్లని నీళ్ళు పోశాడు. ఎడమచెవిలో పోస్తే గది గిర్రున తిరిగింది, మంచం పట్టుకుని "బాబోయ్" అని అరిచింది. కుడిచెవిలో పోస్తే ఏమీ కాలేదు. డాక్టరు మొహంలో ఏదో మార్పు వచ్చింది. ఆమె మోచేతి కింద చర్మంలో కందిగింజంత గడ్డ ఒకటుంటే దాన్ని వేలితో అటూ ఇటూ కదిపి చూశాడు. మీ ఇంట్లో ఇంకెవరికైనా చెవుడుందా అని అడిగాడు. ఆమె తల్లి సంగతి చెప్పింది. తూలి నడిచేదనగానే అతను కుర్చీలోంచి లేచి, పెద్ద డాక్టరుని పిలుచుకొచ్చాడు.

పెద్ద డాక్టరు నిదానంగా, ఆమె మొహంలోకి చూస్తూ చెప్పాడు.

"చూడమ్మా, చెవినించి మెదడుకి వెళ్ళే నరం మీద నీకు గడ్డ ఉంది. రెండువైపులా ఉంది. ప్రాణం తీసే పుండు కాదు, కానీ పెరిగితే మెదడుని నొక్కుతుంది. కుడివైపుది పెద్దది, తీసెయ్యాలి. తీస్తే ఆ చెవి ఇక పనిచెయ్యదు. ఆ పక్క మొహం కూడా కాస్త వాలచ్చు. ఎడమవైపుది చిన్నది, దాని జోలికి ఇప్పుడు వెళ్ళం. అదీ ఒకనాటికి వినికిడిని తీసేస్తుంది. చాలా అరుదైన జబ్బిది. మీ అమ్మకీ ఇదే వచ్చుంటుంది. ఆవిడనించే నీకొచ్చింది."

ఎర్రన్న గోడకి ఆనుకుని కూలబడిపోయాడు. లక్ష్మణమ్మ మాత్రం డాక్టరు నోటివైపే చూస్తోంది.

"అయితే మా యమ్మ కల్లు తాగనేదా బాబూ?"

"లేదమ్మా. గడ్డవల్ల తూలింది."

"మొక్కు తప్పనేదా?"

"అవేమీ కాదు."

ఆమె గబుక్కున మొగుడివైపు తిరిగింది. "ఇన్నావా మావా? మా యమ్మ తప్పేటీ నేదు! డాక్టరు బాబే సెప్తన్నారు!" అని, అంత జబ్బు మాట విన్న మనిషి, చేతులు తిప్పుకుంటూ సంబరపడిపోయింది. రైల్లో తిరిగి వచ్చేటప్పుడు ఎదుటి బెంచీ మీద కూర్చున్న ముక్కూ మొహం తెలియనివాళ్ళకి కూడా ఆ సంగతి చెప్పింది.

డాక్టరు ఇంకో మాట కూడా చెప్పాడు. ఈ జబ్బు బిడ్డకి వస్తే రావచ్చు, రాకపోతే రాకపోవచ్చు, సగానికి సగం. ఏడాదికోసారి పిల్ల చెవులు చూపించమన్నాడు. ఆ మాట మాత్రం లక్ష్మణమ్మ రైల్లో ఎవరికీ చెప్పలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ, "సూపిస్తాం" అని తనలో తనే రెండుమూడుసార్లు అనుకుంది.

మరుసటి ఏడు ఎండలు ముదరకముందే ఆపరేషను చేశారు. పొద్దున్న లోపలికి తీసుకెళ్ళిన మనిషిని సాయంత్రానికి గానీ బయటికి తేలేదు. బతికింది. కుడిచెవి పోయింది. ఆ పక్క పెదవి వాలి నవ్వు సగానికి ఆగిపోయింది. కుడికన్ను పూర్తిగా మూతపడదు, చుక్కల మందు వేసుకోవాలి, గాలికి తిరిగితే చెంగు అడ్డం పెట్టుకోవాలి. నడిస్తే నేల ఒకపక్కకి ఒరిగినట్టుంటుంది. మిల్లువాళ్ళు ఆమెని నిలబడి చేసే మిషను దగ్గరనించి తీసి, కూర్చుని గోనెసంచులు కుట్టే పనిలో వేశారు.

ఎడమచెవి ఇంకో ఏడాది తోడుంది. అరవై ఎనిమిది వానాకాలంలో నెలరోజుల్లో అదీ పోయింది. చివరికి ఒక తెల్లవారుజామున, చూరునించి నీళ్ళు ధారగా పడుతుంటే చప్పుడు లేదు.

నాలుగు రోజులు ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. ఎవరు తట్టినా లేవలేదు. అయిదోనాడు నాలుగేళ్ళ మరిడమ్మ మంచమెక్కి, తల్లి గడ్డాన్ని రెండు చేతులతో పట్టుకుని, బలంగా తనవైపు తిప్పుకుంది.

"అమ్మా, ఆకలి."

ఆ చిన్న పెదవుల మీద మాట ఎంత తేటగా కనపడిందంటే, లక్ష్మణమ్మ దిగ్గున లేచి కూర్చుంది. "ఆకలేస్తందా? ఉండు, అంబలెడతాను!" అంది. పిల్లకి అదంతా మామూలే. అమ్మతో మాట్లాడాలంటే ముందు గడ్డం తిప్పుకోవాలి, అంతే.

ఆ రోజునించి లక్ష్మణమ్మకి అదొక పంతమైపోయింది. కనపడిన ప్రతి నోటినీ చదివేది. దాలమ్మ ఎదురుగా నిలబడి గొంతు చించుకుని మాట్లాడుతుంటే, "అత్తా, అరవకు. మూతి కదుపు, సాలు" అనేది. వక్క నమిలేవాళ్ళంటే చిరాకు. మాట మధ్యలో మొహం తిప్పేసేవాళ్ళంటే ఇంకా చిరాకు. సంతలో బేరం, బస్సులో టిక్కెట్టు, అన్నీ తనే చేసుకునేది. తప్పుగా చదివి ఒకసారి చింతపండు అడిగినవాళ్ళకి చీపురు తెచ్చిచ్చింది. దానికి తనే ముందు నవ్వింది.

అరవై తొమ్మిది మాఘమాసంలో శృంగవరపుకోటలో చెడుగుడు పోటీలు పెట్టారు. ఎర్రన్న మిల్లు జట్టుకి నాయకుడు. మూడు జట్లని ఓడించి ఆఖరి ఆటకి వచ్చారు. ఎదుటి జట్టు కోటవాళ్ళే. మిల్లు లారీలో జనం కిక్కిరిసి బయల్దేరారు. లక్ష్మణమ్మ కూడా ఎక్కింది. దాలమ్మ మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చుంది.

సంత జరిగే మైదానంలో సున్నంతో గీతలు గీశారు. చుట్టూ జనం, చెట్ల మీద కూడా జనం. లక్ష్మణమ్మ నడిగీతకి దగ్గరగా, అంచున గోనెపట్టా వేసుకుని కూర్చుంది. అక్కడినించి కోట జట్టు మొహాలన్నీ ఎదురుగా కనపడతాయి. ఆట నడిపేది హైస్కూలు డ్రిల్లు మాష్టారు నారాయణమూర్తిగారు. మెడలో ఈల, చేతికి గడియారం, మోకాళ్ళ దాకా ఖాకీ నిక్కరు.

మొదటి సగంలో మిల్లు జట్టుకి ఊపిరాడలేదు. ఎర్రన్న కూతకి వెళ్ళినప్పుడల్లా ఎవరో ఒకరు వెనకనించి వచ్చి నడుం పట్టేస్తున్నారు. సగం ఆట అయ్యేసరికి కోట పదిహేడు, మిల్లు తొమ్మిది. దాలమ్మ తల పట్టుకుంది. ఎర్రన్న నీళ్ళు తాగుతూ పెళ్ళాం వైపు చూసి, లాభంలేదన్నట్టు చెయ్యి తిప్పాడు.

రెండో సగం మొదలైంది. ఎర్రన్న గీత దగ్గర తొడలు చరుచుకుంటున్నాడు. అవతల కోట నాయకుడు నరసింగరావు తనవాళ్ళని దగ్గరికి పిలిచాడు. పొడుగాటి మనిషి, నున్నగా గీసుకున్న మూతి, వెడల్పు పెదవులు. ప్రతి అక్షరాన్నీ నమిలి వదిలే రకం. అంత శుభ్రంగా మాట్లాడే నోటిని లక్ష్మణమ్మ ఈమధ్య చూడలేదు. ముచ్చటపడి అలా చూస్తూ ఉండిపోయింది.

"ఆడు కుడిపక్కకే వస్తాడు. రానియ్యండి. ఎల్లాజీ, నువ్వు ఆడి ఎడం భుజం ఎనకనించి ఎల్లి నడుం పట్టు."

ఆమె మిల్లు షెడ్డులో అత్తల తిట్లు చదివినంత సులువుగా చదివేసింది! ఏం చెయ్యాలో ఆలోచించేలోపే చెయ్యి దానంతటదే లేచింది. పైపెదవి మీద లేని మీసాన్ని గట్టిగా మెలేసి, ఎడమ భుజం మీద రెండుసార్లు తట్టుకుంది.

గీత దగ్గర ఎర్రన్న ఒక్క క్షణం తెల్లబోయాడు. కోటలో మేస్త్రీ ఏమిటి? మరుక్షణంలో అతని కళ్ళు పెద్దవయ్యాయి.

కూత పెడుతూ కుడిపక్కకి దూకాడు. ఎల్లాజీ చెప్పినట్టే వెనకనించి వచ్చాడు. ఎర్రన్న తల తిప్పకుండానే ఎడమకాలు వెనక్కి విసిరాడు. కాలు ఎల్లాజీ తొడకి తగిలింది. ఒక్క గెంతులో ఎర్రన్న గీత దాటి ఇవతలికొచ్చాడు.

లక్ష్మణమ్మ ఎగిరి లేచి, నిలదొక్కుకోలేక వెనకనున్న ఇద్దరు ముసలాళ్ళ మీద పడింది. వాళ్ళు పట్టుకుని కూర్చోబెడితే మళ్ళీ లేచింది, మళ్ళీ పడింది. ఆ తర్వాత దాలమ్మ ఆమె నడుం చుట్టూ చెయ్యి వేసి పట్టుకుని కూర్చుంది.

అక్కడినించి ఆట మారిపోయింది. నరసింగరావు నోరు తెరిచేవాడు, లక్ష్మణమ్మ మీసం మెలేసేది. ఒకసారి కుడిభుజం. ఒకసారి వేళ్ళ కత్తెర, కాళ్ళు పట్టబోతున్నారని. మిల్లు జట్టులో అందరూ మగ్గాల మనుషులే, అందరికీ తెలుస్తోంది. లక్ష్ముడనే బక్కపల్చటివాడు, ఆ రోజంతా ఒక్క పాయింటూ తేనివాడు, వరసగా రెండు తెచ్చాడు. కోట ఇరవై రెండు, మిల్లు ఇరవై ఒకటి. జనం తోసుకుంటూ సున్నం గీతల దాకా వచ్చేశారు. అన్ని నోళ్ళూ ఒక్కసారి తెరుచుకుని మూసుకుంటుంటే, ఏది చదవాలో తెలియక ఆమె కళ్ళు పరుగులు తీశాయి.

ఉన్నట్టుండి ఆట ఆగింది. నరసింగరావు మాష్టారి ముందు నిలబడి, లక్ష్మణమ్మవైపు వేలు చూపిస్తున్నాడు.

"మాష్టారూ, ఆ ఆడమనిషి మా మాటలు ఇంటన్నాది! అది మీసం మెలేసినప్పుడల్లా మాకు పాయింటు పోతన్నాది!"

ఎర్రన్న ముందుకొచ్చాడు. "అది నా పెళ్ళాం మాష్టారూ. దానికి రెండు సెవులూ ఇనపడవు."

చుట్టూ ఉన్నవాళ్ళ పొట్టలు ఎగిరెగిరి పడటం చూసి అందరూ నవ్వుతున్నారని లక్ష్మణమ్మకి అర్థమైంది. నరసింగరావు మొహం కందగడ్డయింది. మాష్టారు ఆమెవైపు ఒకసారి చూసి, నడుచుకుంటూ ఆమె వెనక్కి వెళ్ళిపోయాడు. ఆమె తిరగలేదు. అంతలో చుట్టుపక్కల అందరూ చెవులు మూసుకున్నారు, మరిడమ్మ అయితే నానమ్మ ఒళ్ళో తల దూర్చేసింది. ఏమైందా అని లక్ష్మణమ్మ ఒక్కొక్కళ్ళనీ వింతగా చూసింది. మాష్టారు ఆమె తలకి జానెడు దూరంలో ఈల ఊదాడని తర్వాత చెబితే తెలిసింది.

మాష్టారు ముందుకొచ్చాడు. ఇరవై అడుగులు నడిచి, ఆమెకెదురుగా తిరిగి, గొంతు లేకుండా పెదవులు కదిపాడు.

లక్ష్మణమ్మ మైదానమంతా వినపడేలా పలికింది. "పొద్దున్న మాష్టారింటికాడ వంకాయ కూరంట! ఉప్పెక్కువయిపోనాదంట!"

చెట్ల మీదనించి ఇద్దరు కిందపడ్డంత పనైంది. మాష్టారు నవ్వాపుకోలేక కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత, ఆమెకి కూడా కనపడేలా మొహం ఇటు తిప్పి, తీర్పు చెప్పాడు.

"చూడ్డం తప్పని ఏ రూలులోనూ లేదు. ఎవరి నోళ్ళు వాళ్ళు దాచుకోండి. ఇంకొక్క కూతకే టైముంది."

ఎర్రన్న గీత దగ్గరికెళ్ళాడు. నరసింగరావు అరచేత్తో నోరు కప్పుకుని తనవాళ్ళకి ఏదో చెప్పాడు. వాళ్ళు కూడా నోళ్ళు కప్పుకునే జవాబిచ్చారు. లక్ష్మణమ్మకి ఒక్క ముక్క కూడా దొరకలేదు. మొగుడు ఇటు చూశాడు. ఆమె రెండు చేతులూ చాపేసింది. ఇక నీ ఇష్టం.

అతను కూతతో లోపలికెళ్ళాడు. అతని పెదవులు చకచకా కదులుతున్నాయి. ఆమె తన ఊపిరి కూడా బిగబట్టింది. నరసింగరావుకి ఆటలో మాట్లాడకుండా ఉండటం చేతకాదు. ఎర్రన్న అటు కదిలినా ఇటు కదిలినా తనవాళ్ళకి ఏదో చెప్పాలి, చెప్పాలంటే నోరు కప్పుకోవాలి. ఎర్రన్న అతని పక్కనించే దూసుకెళ్ళాడు. ఒక చెయ్యి మూతి మీదే ఉండిపోయిన నరసింగరావు, రెండో చేత్తో ఎర్రన్న చీలమండ పట్టాడు. ఒంటిచేతి పట్టు, చెమట. ఎల్లాజీ కూడా మీద పడ్డాడు. ముగ్గురూ దుమ్ములో దొర్లారు. ఎర్రన్న పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి! ఆమె అదే చూస్తోంది. కాలు జారింది, పట్టు వదిలింది, అతని వేళ్ళు నడిగీత సున్నంలోకి పోయాయి.

పట్టుకున్నవాళ్ళిద్దరూ అవుట్. మిల్లు ఇరవై మూడు, కోట ఇరవై రెండు.

లక్ష్మణమ్మని ఎవరు ఎత్తారో తెలియదు. మిల్లు ఆడవాళ్ళు నలుగురైదుగురు ఆమెని పైకెత్తి ఊపేస్తున్నారు. మామూలుగానే తిరిగే ఆమె తల ఇంకా గిర్రున తిరిగిపోయింది. "దించండే! కక్కేస్తాను!" అని అరుస్తూనే నవ్వుతోంది.

జనం కాస్త పల్చబడ్డాక నరసింగరావు వచ్చాడు. ఒళ్ళంతా దుమ్ము. ఆమెకి ఎదురుగా, ఎండ తన మొహం మీద పడేలా నిలబడి, అక్కని పిలిచినట్టే పిలిచాడు.

"అప్పా, వచ్చే ఏడు మా జట్టు కాడ కూకో. మంచి సీరెడతాం."

"మా మావని ఓడించమంటావేటి?" అంది లక్ష్మణమ్మ. ఒక్క క్షణం ఆగి, "ఏ రంగు సీర?" అని అడిగింది.

"ఒసే!" అన్నాడు ఎర్రన్న.

పై నెలలో మరిడమ్మ చెవులు చూపించడానికి విశాఖపట్నం వెళ్ళారు. పిల్ల రెండు చెవులూ ఈ ఏడుకి బాగానే ఉన్నాయన్నాడు పెద్ద డాక్టరు. ఎర్రన్న కళ్ళు తుడుచుకున్నాడు. తల్లి ఎక్సురే మాత్రం చాలాసేపు వెలుతురుకి పట్టుకుని చూసి, ఎడమవైపు గడ్డ కాస్త పెరిగినట్టుందని, ఆర్నెల్లకోసారి తప్పకుండా రావాలని, నడక ఇంకా తూలితే అంతకుముందే వచ్చెయ్యాలని చెప్పాడు. ఆమె ప్రతి మాటా అతని నోటినించి ఏరుకుని తల ఊపింది.

"వస్తాం బాబూ. తప్పకుండా వస్తాం" అంది. ఆయన కలం తీసి ఏదో రాయబోతుంటే, కుర్చీ ముందుకి లాక్కుని, బల్ల మీద మోచేతులానించింది. "మీకు సెప్పనేదు కదా! మొన్న కోటలో ఏటయినాదో తెలుసా? నాను కూకున్నాను. ఎదరగా ఆ కోట నాయకుడు..."

డాక్టరు కలం పక్కన పెట్టాడు. కుర్ర డాక్టరు తలుపు దగ్గర ఆగిపోయాడు. అతని వెనకాల, బయట వరసలో కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.